లేపాక్షి చిత్రములందలి ప్రతికృతి

చిత్రకళను గూర్చి మనవారు వ్రాయు వ్యాసములందు ఒక మాట తఱచుగా వినవచ్చుచుండును. పాశ్చాత్యుల చిత్రము మనుష్యుని రూపమును ఉన్నదున్నట్లు చూపుననియు, మన చిత్రము భావమును మాత్రమే చూపుననియు ఆ మాటకు తాత్పర్యము. దీనినుండి రెండు పక్షములు పుట్టినవి. మన పూర్వులకు ప్రతికృతిరచన చేతకాలేదని ఒక పక్షమువారు చిన్నవోవుదురు. చేతనైనను దానిని నీచమని విడిచిరని రెండవ పక్షమువారు గర్వింతురు. చిన్నవోవుటకు గాని గర్వించుటకు గాని ఇందు కారణము లేదు. ప్రతికృతి యనగా ముఖసాదృశ్యమే యను ఒక్క యపోహనుండి ఈ రెండు పక్షములును జనించినవి. లేపాక్షి వీరభద్రాలయపు కప్పునందలి చిత్రములను, పందొమ్మిదవ శతాబ్దమున పోలెండు దేశపు ప్రభుకుటుంబముల స్త్రీలకు వ్రాయబడిన పటములను ప్రక్కప్రక్కన నిలిపి ఈ యంశమును విచారించుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

లేపాక్షి హిందూపురమునకు తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్న గ్రామము. అనంతపురము జిల్లాలో నుండిన యీ యూరు 2022వ సంవత్సరపు విభజనచే శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే యెఱిగిన మెట్టసీమ యిది. ఊరిచెంత తాబేటి వీపువలె నున్న బండగుట్టకు కూర్మశైలమని పేరు. ఆలయము దానిపై నున్నది. విజయనగరమున అచ్యుతదేవరాయలు (1529–1542) ఏలుచుండగా, పెనుగొండయందు అధికారియై యుండిన విరూపణ్ణయు, ఆతని సోదరుడు వీరణ్ణయు దీనిని వృద్ధిచేసిరి. వీరి తండ్రి నంది లక్కిసెట్టి, తల్లి ముద్దమాంబ. రాచపుట్టుక గలవారు గారు. పాలనోద్యోగముచే ధనాధికారములను పొందినవారు. ఈ సంగతి ముందు మనకు అక్కఱకు వచ్చును.

ఆలయపు నాట్యమండపము, అర్ధమండపము మున్నగు చోట్ల కప్పుబండలపై సున్నపు పూత వేసి దానిపై చిత్రములు వ్రాయబడినవి. స్తంభముల వరుసల నడుమ పొడవుగా సాగు పట్టీలే యిందలి చిత్రఫలకములు. కిరాతార్జునీయము, ద్రౌపదీ స్వయంవరము, శ్రీరామ పట్టాభిషేకము, పార్వతీ కల్యాణము, వటపత్రశాయి, ఆవుదూడకై తన కొమారుని శిక్షించిన మనునీతి చోళుని కథ మొదలైనవి వానిలో ప్రసిద్ధములు. స్టెల్లా క్రామ్రిష్ 1937లో ప్రకటించిన దక్కను చిత్రకళా సమీక్షయందును, శివరామమూర్తిగారు విజయనగర చిత్రములను గూర్చి వ్రాసిన గ్రంథమునందును వీనికి తగిన స్థానము లభించినది. ఎఱ్ఱమన్ను, పచ్చమన్ను, సున్నపు తెలుపు, మసినలుపు, ఆకుపచ్చ అను కొలది వన్నెలతోనే పని నడచినది. నీలము కానరాదనియే చెప్పవలెను. బొమ్మకు, బట్టకు, నగకు చుట్టును నల్లని గీత సాగును. ముఖములు తఱచుగా ఒక ప్రక్కనుండి చూచినట్లుండును. వెనుక చెట్లు చిన్నవగుట, ముందు మనుష్యులు పెద్దవారగుట యను దూరదృష్టి పద్ధతి యిందు లేదు. ఆ పద్ధతిచే చూప బూనిన లోతు చిత్రకారునకు అవసరము కాలేదు.

అర్ధమండపపు కప్పున గర్భగృహమునకు ముందు వీరభద్రస్వామి మహారూపమున వ్రాయబడియున్నాడు. క్రింద నిలిచినవాడు మెడ వెనుకకు వంచినగాని ఆ మూర్తి సమగ్రముగా కంటికి అందదు. స్వామి పాదములకడ విరూపణ్ణ వీరణ్ణలు పరివారముతో చేతులు మోడ్చి నిలిచియున్నారు. స్వామి ముందర వారు మిక్కిలి చిన్నవారు. ఈ దాతల రూపములే మన విచారమునకు మొదటి యాధారము.

వీరిని చూచినవాడు మొట్టమొదట గుర్తించునది ముక్కు గాదు, గడ్డము గాదు. తలపైని పొడవైన కుళ్లాయి. విజయనగరపు కొలువునకు వెళ్లునట్టి మర్యాదగల పురుషుడు కుళ్లాయి, కబాయి ధరించుట ఆనాటి యాచారము. శ్రీనాథుని పేర ప్రచారమందున్న ఒక చాటుపద్యమున, కర్ణాటరాజు కొలువున తా నీ కుళ్లాయి పెట్టుకొనవలసి వచ్చినందులకు కవి పడిన రోత పండితులెల్లరు ఎఱిగినదే. ఫిలిప్ వాగొనర్ అను పండితుడు 1996లో ప్రకటించిన వ్యాసమునందు, ఈ వేషము ముసల్మాను రాజ్యములనుండి వచ్చి విజయనగరమున రాజసభా గౌరవమునకు గుర్తుగా స్థిరపడిన తెఱగును వివరించినాడు. కావున లక్కిసెట్టి కొడుకు తలపై కుళ్లాయి పెట్టిన చిత్రకారుడు ఒక జీవితచరిత్రనే వ్రాసినాడు. పుట్టుకచే గాక పదవిచే ఈతడు పెద్దవాడయ్యెనని ఆ కుళ్లాయి చెప్పుచున్నది. ముఖము చెప్పజాలని విషయమిది.

అట్లయిన ముఖసాదృశ్యమును మనవా రెఱుగరా? ఎఱుగుదురు, శాస్త్రముగానే యెఱుగుదురు. కల్యాణి చాళుక్యుడైన మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసమునందు, అద్దములోని నీడవలె పోలికయేర్పడ వ్రాయు చిత్రమునకు విద్ధమని పేరు పెట్టి, దానిని తక్కిన చిత్రభేదములనుండి వేఱుపఱచినాడు. విష్ణుధర్మోత్తరమునందలి చిత్రసూత్రము సత్యచిత్రమును ఒక భేదముగా లెక్కించినది. కన్నుల యాకారములనే ఐదువిధములుగా విభజించినది. కావ్యములందన్ననో, పటమున వ్రాసిన శకుంతలను చూచి దుష్యంతుడు భ్రమించుటయు, చిత్రలేఖ లోకమందలి రాజకుమారుల రూపములను వ్రాసి చూపగా ఉష అనిరుద్ధుని గుర్తుపట్టుటయు మన పాఠశాలల పిల్లలకును తెలిసిన కథలు. పోలిక కుదరనిచో ఈ రెండు కథలును నడువవు. క్రీడాభిరామమునందు ఓరుగంటి మాచల్దేవి చిత్రశాల వర్ణితమైనది. కావున చేతకాలేదనువారి పక్షము నిలువదు.

ఇక నీచమని విడిచిరను పక్షమును చూతము. తిరుమల శ్రీవారి యాలయమున కృష్ణదేవరాయల లోహవిగ్రహము ఇరుప్రక్కల తిరుమలదేవి చిన్నాదేవులతో చేతులు మోడ్చి నిలిచియున్నది. ఆ మూర్తులపై వారి పేళ్లు చెక్కబడియున్నవి. మనుష్యుని రూపము నీచమేని, పేరు చెక్కి దేవుని వాకిట నిలుపుదురా? అయినను ఆ రాణుల ముఖములు ఒకదానికొకటి దగ్గఱగానే యుండును. ఇరువురిని వేఱుపఱచునది పేరు. కాబట్టి ప్రతికృతిని మనవారు విడువలేదు. దానిని పోలిక యొక్కదానిపైననే నిలుపలేదు. వేషము, స్థానము, నామము అనునవి కూడ దానికి అంగములే యని వారి యాచరణముచే తెలియుచున్నది.

ఈ సంగతి మన సాహిత్యమునుండియే సులభముగా గ్రహింపవచ్చును. ప్రబంధమునకు అవతారిక యొకటి యుండును. అందు కృతిపతియొక్క వంశావళి, తలిదండ్రుల పేళ్లు, దానములు, బిరుదములు వర్ణింపబడును. కృతిపతి ముక్కు ఎట్టిదో తెలిసికొనుటకు ఎవ్వడును అవతారికను చదువడు. ఎట్టివారి కొడుకో, ఎవ్వరి కొలువున నుండెనో, ఏ దేవుని భక్తుడో తెలిసికొనుటకు చదువును. అది అబద్ధమని గాని, వ్యక్తిత్వము లేనిదని గాని ఎవ్వరును అనరు. చరిత్రకారులు దానిని గౌరవముతో ఉదాహరింతురు గూడ. లేపాక్షి కప్పు అట్టి గ్రంథమే. నాట్యమండపమున పురాణకథలు ఆశ్వాసములవలె సాగినవి. గర్భగృహమున కెదురుగా కృతిపతి నిలిచినాడు. భేదమొక్కటి కలదు: గ్రంథమున కృతిపతి మొదట కనబడి కథకు దారి యిచ్చును, ఆలయమున కథలన్నియు దాటిన పిమ్మట స్వామి పాదములయొద్ద కనబడును. కవి ఆతనిని పాఠకునకు పరిచయము చేయగా, చిత్రకారు డాతనిని దేవునకు అప్పగించినాడు.

ఇప్పుడు ఐరోపా పటమును చూతము. పందొమ్మిదవ శతాబ్దమున రాజకుటుంబముల పటములు వ్రాయుటలో ఫ్రాంజ్ క్సావర్ వింటర్‌హాల్టర్ (1805–1873) అగ్రగణ్యుడు. జర్మనుదేశమున పుట్టి, పారిసు నగరమున వెలసి, ఇంగ్లండు రాణి విక్టోరియాకును, ఫ్రెంచి రాణి యుజేనికిని ఈతడు పటములు వ్రాసెను. పోలెండు దేశపు బ్రానిట్స్కీ కుటుంబపు ఆడుబిడ్డలును ఈతనిచే వ్రాయించుకొనిరి. వారిలో పొటోట్స్కీ యింట మెట్టిన కాటర్జీనా పటము 1854లో వ్రాయబడినది. తైలవర్ణములచే పట్టుబట్ట నిగనిగలు, అల్లికల సన్నదనము, ముత్యముల కాంతి, చర్మపు నునుపు కంటికి కట్టునట్లు చేయుట వింటర్‌హాల్టరు నేర్పు. పోలిక యున్నదా యన్నచో ఉన్నదనియే యందురు. కాని ఆతడు వ్రాసిన స్త్రీలందఱును ఒకే యింటి యాడపడుచులవలె మెడలు నిక్కించి, భుజములు జార్చి, మృదువుగా చూచుచుందురని ఆతని కాలపు విమర్శకులే ఆక్షేపించిరి. అనగా అక్కడను వ్యక్తిని చెప్పునది ముఖమొక్కటి గాదు. ఏ కుట్టుపనివాని బట్ట, ఏ యింటి నగ, ఏ చిత్రకారునకు కూర్చుండగలిగిన స్తోమతు అనునవియే సగము పటము. లక్కిసెట్టి కొడుకు కుళ్లాయికిని, ఈ కులస్త్రీల పట్టుబట్టకును పని యొక్కటియే.

పోలెండు విషయమున ఈ వేషమునకు మఱియొక బరువు గలదు. ఆ దేశము 1772, 1793, 1795 సంవత్సరములలో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలచే ముమ్మాఱు పంచుకొనబడి, 1918 వఱకు రాజ్యమే లేక యుండెను. రాజ్యము లేని దేశమున పెద్దయింటి కూడములందలి పటములే వంశచరిత్రకు ఆధారములై నిలిచినవి. 1861 మొదలుకొని అచ్చటి స్త్రీలు దేశము చచ్చినట్లు దుఃఖించుచు నల్లబట్టలును నల్లని నగలును ధరింపసాగిరి. పాలకులు దానిని నిషేధించి శిక్షలు విధింపవలసి వచ్చెను. 1863లో తిరుగుబాటు పుట్టి యణచబడగా, యాన్ మటెయ్‌కో అను చిత్రకారుడు 1864లో దేశమాతను నల్లబట్టలు కట్టిన స్త్రీగా వ్రాసి, కమ్మరి యామె చేతులకు సంకెల వేయుచున్నట్లు చూపెను. ఆ దేశమాతకు చిత్రకారుడు క్రొత్త వేషము కల్పింపలేదు. తన యూరి వీథులలో తాను చూచిన శోకవేషమునే తొడిగెను.

ఈ యుదాహరణము లేపాక్షిలోని మఱియొక ఫలకమును అర్థము చేసికొనుటకు మిక్కిలి యుపకరించును. నాట్యమండపపు కప్పున పార్వతీదేవియు ఆమె పరిచారికలును నిలిచిన ఫలకము ప్రసిద్ధమైనది. దేవియు చెలులును కట్టినవి స్వర్గమందలి చీరలు గావు. చాఱలు, చదరములు, పూవులు, అంచుల యల్లికలు ఒక్కొక్క చీరకు ఒక్కొక్క తీరుననున్నవి. కొప్పులు బరువుగా ముడిచి పూలతో నింపబడినవి. మెడలందును చేతులందును నగలు నిండుగా నున్నవి. పదునాఱవ శతాబ్దపు నేతగాని మగ్గమునుండి దిగిన బట్టనే చిత్రకారుడు దేవికి కట్టినాడనుట స్పష్టము. ఈ నమూనాలను నేటి నేతపనివారును అద్దకపువారును లేపాక్షి పేరనే వాడుకొనుచున్నారు. మటెయ్‌కో దేశమాతకు కులస్త్రీ శోకవేషము నిచ్చినట్లు, ఇచ్చటి చిత్రకారుడు జగన్మాతకు కులస్త్రీ పండుగవేషము నిచ్చినాడు. పెనుగొండసీమ సంపన్న స్త్రీల ప్రతికృతి యేదియని యడిగినచో, ఈ ఫలకమునే చూపవలెను. ఇందు ఒకానొక స్త్రీ ముఖము దొరకకపోవచ్చును. ఒక తరమువారి స్త్రీల నడకయు, కట్టును, సింగారమును దొరకినవి.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. ఈ ఫలకములందలి స్త్రీలలో ఈమె విరూపణ్ణ భార్య, ఈమె ఆతని తల్లి యని చూడవచ్చినవారికి చెప్పుచుండుట కలదు. ముద్దమాంబ యను పేరు శాసనమున నిలిచినది. స్త్రీల రూపములు కప్పున నిలిచినవి. ఆ పేరును ఈ రూపమును కలుపుట యూహయే గాని ప్రమాణము గాదు. తిరుమల విగ్రహములందు పేరు చెక్కిన శిల్పి అట్టి ప్రమాణమును మన కిచ్చినాడు. లేనిచోట మనము పేరు తగిలించినచో, ముద్దమాంబకు మేలు చేసినవారము గాము; ఆమెకు దక్కిన యొక్క నిజమైన యానవాలును, అనగా శాసనమునందలి యామె నామమును, పుక్కిటి మాటలలో కలిపినవార మగుదుము. పోలెండు కులస్త్రీ పటమున పేరు, తేది, చిత్రకారుడు అన్నియు తెలిసి యున్నవి గావున అట్టివి మనకును ఉండితీరవలెనను తొందరయే ఈ తగిలింపులకు మూలము. పందొమ్మిదవ శతాబ్దమున మన జమీందారుల దివాణములలో తైలవర్ణపు పటములును, రవివర్మ (1848–1906) అచ్చుబొమ్మలును, పిమ్మట ఛాయాచిత్రములును వ్యాపించి మన కన్నులకు ఒక యలవాటు చేసినవి. ఆ యలవాటుతో పాతచిత్రములను చూచుట న్యాయము గాదు.

మూడంగముల మాట యిట్లుండగా, రెండు చిత్రములకును గల నిజమైన భేదమేది? అది చూపునందున్నది. ఐరోపా పటమందలి స్త్రీ తఱచుగా తన్ను చూచువానివైపు తిరిగియుండును. తాను చూడబడుచున్నానని యామెకు తెలియును. పటము గోడపై కంటి యెత్తున వ్రేలాడును. అతిథి దానిముందు నిలుచును. లేపాక్షి దాతలు మనవైపు చూడరు. వారి ప్రక్కముఖము స్వామివైపు తిరిగియున్నది. మనము క్రింద మెడ వంచి చూచుచున్నను, లేకున్నను వారికి నిమిత్తము లేదు. వారి పటమునకు ప్రేక్షకుడు గర్భగృహమున నున్నాడు. అయితే దీనినిబట్టి తూర్పు భక్తియు పడమర భోగమును అని పంచుటకు వీలులేదు. పోలెండులోనే పదునేడు పదునెనిమిదవ శతాబ్దములందు మృతుని ముఖమును లోహపు రేకుపై వ్రాసి శవపేటిక కొనకు తగిలించి, ఆలయమున ప్రార్థనకు వచ్చినవారి కెదురుగా నిలుపు నాచారముండెను. ఆ పటములందలి ముఖములు నిర్దాక్షిణ్యముగా సత్యములు. దేవుని సన్నిధియందే యుండియు ఆ చూపు జనులవైపు. కావున భేదము దేశముది గాదు; పటమును ఎవ్వరికై వ్రాసిరో ఆ యుద్దేశముది.

విరూపణ్ణను గూర్చిన కథను ఈ వెలుగున చదువవలెను. కోశధనమును ఆలయమునకు వెచ్చించినాడని కొండెములు పుట్టగా, రాజాజ్ఞ రాకమునుపే తన కన్నులు తానే పెఱికి గోడకు విసరినాడనియు, కల్యాణమండపము అసంపూర్తిగా నిలిచినదనియు, గోడపై నేటికిని కానవచ్చు ఎఱ్ఱని మఱకలు ఆ రక్తమేననియు జనులు చెప్పుకొందురు. లేపాక్షి యను పేరునుగూడ అక్షిశబ్దముతో ముడిపెట్టుదురు. జటాయువును లేవుమని రాముడు పలికిన పలుకునుండి పుట్టినదనువారును గలరు. ఈ వ్యుత్పత్తులు జనశ్రుతికి చెందినవి, చరిత్రకు పనికిరావు. కాని కథకు ఒక యర్థము గలదు. కప్పున ఆ దాత కన్నులు విప్పి స్వామిని చూచుచునే యున్నాడు. క్రింద గోడయొద్ద జనుల కథ ఆతని కన్నులను తీసివేయుచున్నది. ప్రజాధనముతో నిలిచిన పటమునకు ప్రజలు వ్రాసికొన్న టీక యిది. కఱవుసీమలో ఇంత రాయి, ఇంత రంగు, ఇంత ధనము ఎచ్చటినుండి వచ్చెనను ప్రశ్న వారికి పుట్టకపోదు. దాత తన రూపమును తాను కోరినట్లు వ్రాయించుకొనవచ్చును. దానిని చదువు నధికారము మాత్రము తరువాతి వారిదే. వింటర్‌హాల్టరు పట్టుబట్టల వెనుక పొలములలో పాటుపడినవారి మాట అడుగువారు పోలెండులోను లేకపోలేదు.

కడపట చెప్పవలసినది ఈ చిత్రముల స్థితిని గూర్చి. భారత పురావస్తుశాఖ సంరక్షణలో నున్న యీ యాలయము 2022లో ప్రపంచ వారసత్వపు తాత్కాలిక పట్టికయందు చేరినది. అయినను సున్నపు పూత పెచ్చులూడి పెక్కుచోట్ల రాయి బయటపడినది, వన్నెలు మాసినవి. తైలపటమును మఱియొక గదికి మార్చవచ్చును, కప్పును మార్పరాదు. 1969లో గోపాలరావుగారి గ్రంథమును, 2019లో డల్లపిక్కోలా మొదలైనవారి గ్రంథమును వెలువడినవి. అవి గొప్ప యుపకారములు. అయినను తెలుగున జరుగవలసిన పని మిగిలియున్నది. కుళ్లాయి, కబాయి మొదలుకొని చీరలు, నగలు, కొప్పుల వఱకు ఫలకములందు కనబడు ప్రతి వస్తువునకును ప్రబంధములందలి పదమును వెదకి జతపఱచిన నిఘంటు వొకటి కావలెను. వర్ణనలందు మనము పర్యాయపదములని దాటిపోవు మాటలు పెక్కింటికి వేఱువేఱు వస్తువు లుండినవని ఆ పనిచే తేలగలదు. కవిత్వము చదువువారికి చిత్రమును, చిత్రము చూచువారికి కవిత్వమును అక్కఱకు వచ్చు పని యిది. పాఠశాల పండితులు పిల్లలను లేపాక్షికి తీసికొనిపోయినపుడు, వ్రేలాడు స్తంభము క్రింద గుడ్డ దూర్చి చూపుటతో తనియక, ఒక్క గడియ కప్పును చూపి, ఆ చీరకు మన కావ్యములందు పేరేమి యని యడిగినచో, ఆ నిఘంటువునకు మొదటి పుట అచ్చటనే ప్రారంభమగును.